రంగు, ఉడుపు, రూపం: నల్లమల అంచున యోధవేషాల చరిత్ర

యుద్ధం చేసే పాత్రకు ఎన్ని వేషాలు ఉండవచ్చు, వేషం ఎంత మారినా ఆ పాత్ర ఆ పాత్రగానే ఎందాకా నిలుస్తుంది, ఏ హద్దు దాటితే అది మరొక పాత్ర అవుతుంది అనే మూడు ప్రశ్నలను ఇవాళ పోరాట వీడియో గేములు ఆడే యువతరం ఎడతెగకుండా వాదించుకుంటున్నది. ఇద్దరు యోధులు తెరమీద ఎదురెదురుగా నిలిచి తలపడే ఈ ఆటల్లో ఒక్కొక్క యోధుడికి మామూలు వేషంతో పాటు ఆటగాడు ఎంచుకోగల మరికొన్ని వేషాలు ఉంటాయి. కొందరికి పోరు మధ్యలో ధరించే మరో రూపం కూడా ఉంటుంది. అయితే ఈ ప్రశ్నలు కంప్యూటరుతో పుట్టినవి కావు. ముందు తెల్లని తెర, వెనుక దీపం పెట్టుకొని తోలుబొమ్మలాడించిన వారు, మద్దెల మోగగానే వీధిలో కిరీటం ధరించి నిలిచిన వారు, వారిని తెల్లవార్లూ చూసి మరునాడు రచ్చబండ దగ్గర తప్పొప్పులు తేల్చిన వారు ఈ ప్రశ్నలతోనే తరతరాలు గడిపారు. ఆ వాదం నడిచిన తీరును గిద్దలూరు సీమ నుంచి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ పరిశీలనకు గిద్దలూరు తగిన చోటు కావడానికి దాని నైసర్గిక స్థితే మొదటి కారణం. నల్లమల తూర్పు అంచున ఉన్న ఈ పట్టణం పక్క నుంచి సగిలేరు దక్షిణంగా కడప సీమలోకి సాగి పెన్నలో కలుస్తుండగా, నల్లమలలోనే పుట్టిన గుండ్లకమ్మ కంభం, మార్కాపురాల మీదుగా సముద్రం వైపు పోతుంది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడి, 1972లో దానికి ప్రకాశం పంతులు పేరు పెట్టడానికి ముందు, గిద్దలూరు, మార్కాపురం ప్రాంతాలు కర్నూలు జిల్లాలో భాగాలు. అందువల్ల ఇక్కడి జనానికి కొండ అవతలి అహోబిలం పరాయి క్షేత్రం కాదు. దక్షిణాన కడప సీమ తోలుబొమ్మలకు నెలవు, సురభి నాటకానికి పుట్టినిల్లు. 19వ శతాబ్దం చివర గుంటూరు నుంచి నల్లమలను తొలుచుకొని గుంతకల్లు దాకా వేసిన రైలు మార్గం తూర్పున ఉన్న కోస్తా పద్యనాటకాన్ని ఈ మెట్టసీమకు దగ్గర చేసింది. యోధవేషానికి సంబంధించిన మూడు సంప్రదాయాలు ఒక్కచోట కలిసే నేల ఇది.

వేషం గురించి భారతీయ నాట్యశాస్త్రం వాడిన మాట ఆహార్యం. నటుడు తన శరీరంతో, మాటతో, మనసుతో చేసే అభినయాలకు భిన్నంగా, బయటి నుంచి తెచ్చుకొని ధరించే వాటి ద్వారా అర్థాన్ని చెప్పే అభినయమే ఆహార్యాభినయం. భరతుడు దీన్ని నాలుగు విధాలుగా విభజించాడు: చర్మంతో, బట్టతో, వెదురుతో చేసే కొండలు, రథాలు, ఆయుధాల వంటి నమూనాలు పుస్తం; నగలు, పూలమాలలు, ఉడుపులు అలంకారం; ముఖానికీ దేహానికీ రంగులు పూయడం అంగరచన; జంతువులను, పక్షులను రంగం మీదికి తేవడం సజీవం. ఈ విభజనలో మార్పుకు ఒక మెట్ల వరుస కనిపిస్తుంది. అన్నింటికన్నా తేలికైనది రంగు మారడం. దానికన్నా లోతైనది ఉడుపు మారడం. అన్నింటికన్నా లోతైనది మనిషి సింహమో, రాక్షసి సుందరో అయ్యే రూపాంతరం. తెలుగు ప్రేక్షకులు ఈ మూడు మెట్లకు మూడు వేరువేరు కొలతలు పెట్టారనేదే ఈ చరిత్రలో తేలే ప్రధానమైన విషయం.

రూపం మారే యోధుడికి ఈ సీమలో మూలపురుషుడు నరసింహుడు. అహోబిలంలో ఆయన జ్వాలా, అహోబిల, మాలోల, క్రోడ, కారంజ, భార్గవ, యోగానంద, ఛత్రవట, పావన అనే తొమ్మిది పేర్లతో, కొండల్లో అడవుల్లో తొమ్మిది వేరువేరు చోట్ల కొలువై ఉన్నాడు. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన ఉగ్రమూర్తి ఒకచోట, లక్ష్మిని ఒడిలో కూర్చోబెట్టుకొని శాంతించిన మూర్తి మరొకచోట, యోగాసనంలో కూర్చున్న మూర్తి ఇంకొకచోట, విల్లు పట్టిన మూర్తి వేరొకచోట దర్శనమిస్తారు. సంక్రాంతి తరువాత మొదలై 40 రోజులకు పైగా సాగే పారువేట ఉత్సవంలో ఈ దేవుడే పల్లకి ఎక్కి పల్లెపల్లెకూ తిరిగి తన పెళ్లికి జనాన్ని పిలుస్తాడని నమ్మకం. నల్లమల చెంచులు ఆయనను తమ ఆడబిడ్డ చెంచులక్ష్మిని చేసుకున్న అల్లుడిగా భావిస్తారు. యక్షగానాల్లో, 1943లోనూ 1958లోనూ వచ్చిన చెంచులక్ష్మి చలనచిత్రాల్లో అదే కథ నడుస్తుంది. అందులో రాక్షసుణ్ణి చీల్చిన గోళ్లు గల దేవుడు వేటగాడి ఉడుపులో అడవిపిల్ల ముందు నిలబడతాడు. ఆ వేషం ఆయన దైవత్వాన్ని తగ్గించిందని ఎవరూ అనుకోరు. ఎందుకంటే ఆ మార్పుకు కథలో కారణం ఉంది: కోపం చల్లారాలి, ప్రేమ పుట్టాలి, అందుకు అడవికి తగిన వేషం కావాలి.

నరసింహ రూపాన్ని నటుడు ధరించినప్పుడు సమస్య మరింత తీవ్రమవుతుంది. తమిళనాడులో తంజావూరు దగ్గరి మెలట్టూరులో తెలుగు భాషలోనే నేటికీ ప్రదర్శించే భాగవతమేళ నాటకాల్లో ప్రహ్లాదచరిత్రం ముఖ్యమైనది. అక్కడ నరసింహుడి ముఖోటాను, అంటే ముఖానికి తొడిగే బొమ్మముఖాన్ని, పూజలో ఉంచుతారు. దాన్ని ధరించే నటుడు ఉపవాసం ఉంటాడు. ముఖోటా తొడిగాక ఆయన ఆవేశానికి లోనై ఎదుటి నటుడి మీదికి దూకకుండా పక్కనున్న వారు పట్టుకొని ఉంటారు. ఉడుపు మార్చుకోవడానికి తెర చాటు చాలు, రూపం మార్చుకోవడానికి నియమం కావాలి అనే విచక్షణ ఈ ఆచారంలో స్పష్టంగా ఉంది. ఊరూరా పగలే తిరుగుతూ రకరకాల పాత్రలను ప్రదర్శించే పగటివేషగాళ్లు మరొక దారి తొక్కారు. వారి అర్ధనారీశ్వర వేషంలో ఒకే దేహంలో ఒక పక్క శివుడు, మరొక పక్క పార్వతి ఉంటారు. ఒక పక్కను చిన్న తెరతో కప్పి రెండవ పక్కను చూపుతూ నటుడు క్షణంలో ఒకరి నుంచి మరొకరికి మారతాడు. గొంతు, నడక, చూపు ఆ క్షణంలోనే మారకపోతే రంగులూ నగలూ ఎంత గొప్పవైనా వేషం నిలవదు.

ఉడుపు మార్పు అనే రెండవ మెట్టును అన్ని కళల కన్నా నిశితంగా ఆలోచించినది తోలుబొమ్మలాట. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో ప్రస్తావించేనాటికే ఈ కళ తెలుగు నేల మీద ఉంది. తరువాతి కాలంలో దీన్ని నిలబెట్టిన కుటుంబాల్లో ఇంట్లో మరాఠీ యాస మాట్లాడుతూ, తెర వెనుక తెలుగులో రంగనాథ రామాయణ ద్విపదలు పాడిన ఆరె వంశాల వారు ముఖ్యులు. మేక తోలును శుభ్రం చేసి, వెలుగు సోకేంత పలచగా గీరి, ఆరబెట్టి, దాని మీద బొమ్మ గీసి, నగలూ అంచులూ ఉన్న చోట్ల సన్నని ఉలులతో రంధ్రాలు కొట్టి, రెండు వైపులా రంగులు వేస్తారు. దేవతాపాత్రలకు ఒకప్పుడు జింక తోలు వాడేవారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అది పోయింది. బొమ్మ సాధారణంగా 4 నుంచి 6 అడుగుల ఎత్తు ఉంటుంది. భుజాలు, మోచేతుల దగ్గర ముక్కలను దారంతో కట్టి, నిలువునా వెదురుబద్ద బిగిస్తారు.

ఈ తయారీ విధానంలోనే వేషాల చర్చకు మూలమైన నిబంధన దాగి ఉంది. నటుడు చొక్కా మార్చుకోగలడు, తోలుబొమ్మ మార్చుకోలేదు. దాని ఉడుపు దాని చర్మంలోనే చెక్కి ఉంటుంది. రాముడు పట్టువస్త్రాలు విడిచి నారచీరలు కట్టాడంటే మరొక తోలు తేవాలి, మరొక బొమ్మ కొట్టాలి. అందువల్ల బొమ్మలాటగాడికి ప్రతి అదనపు వేషమూ ఒక ఖర్చు, ఒక శ్రమ, ఒక నిర్ణయం. కథలో ఏ మలుపు దగ్గర కొత్త బొమ్మ తప్పనిసరి, ఎక్కడ పాత బొమ్మతోనే సరిపెట్టవచ్చు అని వారు తేల్చుకోవలసి వచ్చింది. రాజకుమారుడైన రాముడికీ జటలు కట్టిన వనవాస రాముడికీ వేరువేరు బొమ్మలు. పది తలల రావణుడికీ భిక్షాపాత్రతో పర్ణశాల ముందు నిలిచిన సన్యాసి రావణుడికీ వేరువేరు బొమ్మలు. అంటే వీరుడి స్థితి మారినప్పుడే, అతడి ధర్మం మారినప్పుడే, లేదా అతడు మోసానికి దిగినప్పుడే కొత్త వేషం పుట్టింది; కేవలం కంటికి కొత్తదనం కోసం తోలు కొయ్యలేదు. అదే సమయంలో రాముడి నీలివర్ణం ఏ బొమ్మలోనూ మారదు. మారే బొమ్మల మధ్య మారని ఆ గుర్తే తెర ముందు కూర్చున్న పల్లెజనానికి ఆధారం.

యుద్ధఘట్టాల్లో బొమ్మలాటగాళ్లు మరొక ఉపాయం కనిపెట్టారు. బొమ్మను తెరకు అదిమి పెడితే దాని రంగులూ రంధ్రాలూ స్పష్టంగా కనిపిస్తాయి; తెర నుంచి దీపం వైపు వెనక్కి తీస్తే నీడ పెద్దదై, అంచులు కరిగిపోతాయి. హనుమంతుడు పెరిగాడనో, రాక్షసుడు మాయమయ్యాడనో చెప్పడానికి ఇంతకన్నా పొదుపైన సాధనం లేదు. రెండు బొమ్మలు తెరమీద ఢీకొనే క్షణంలో ఆడించేవారు కాళ్ల కింద వేసుకున్న చెక్కలను దబదబా తొక్కుతారు. ఆ చప్పుడుకు ముందు వరుసలో నిద్రపోతున్న పిల్లలు లేచి కూర్చుంటారు. ఆముదం దీపం పోయి పెట్రోమాక్స్ లైటు, అదీ పోయి కరెంటు బల్బు వచ్చినా ఈ సూత్రం మారలేదు.

తోలుబొమ్మ నుంచి మనిషి దేహానికి యోధవేషం దాటిన సందర్భానికి ఒక సంవత్సరం, ఒక ఊరు ఉన్నాయి. 1885లో కడప సీమలోని సురభి గ్రామంలో, బొమ్మలాటనే వృత్తిగా చేసుకున్న వనారస కుటుంబాల వారు బొమ్మలను పక్కనపెట్టి తామే పాత్రలుగా కీచకవధ ప్రదర్శించారు. వనారస గోవిందరావు నాయకత్వంలో అదే సురభి నాటక పరంపరగా విస్తరించింది. వారు ఎంచుకున్న ఇతివృత్తం ఈ వ్యాస విషయానికి గుండెకాయ వంటిది. విరాటపర్వమంతా మారువేషాల కథ. భీముడు వలలుడనే వంటవాడు, అర్జునుడు బృహన్నల అనే నాట్యాచార్యుడు, ద్రౌపది మాలిని అనే సైరంధ్రి. కీచకుడు చీకటిలో నర్తనశాలకు వచ్చేసరికి ద్రౌపదికి బదులు భీముడు పొంచి ఉంటాడు. ప్రదర్శనల్లో ముసుగు తన్ని పడుకున్న ఆ ఆకారం లేచి నిలబడినప్పుడు, గరిటె పట్టిన చేయే గద పట్టిన చేయి అని సభ గుర్తిస్తుంది. బృహన్నల జడతోనే, గాజులతోనే రథమెక్కి కౌరవసేన వైపు కదిలినప్పుడు ఉడుపుకూ పరాక్రమానికీ సంబంధం లేదనే సత్యం అంతకన్నా బలంగా వెల్లడవుతుంది. వానలు రానప్పుడు తిక్కన విరాటపర్వం చదివించే ఆచారం తెలుగు పల్లెల్లో ఉంది. కరువుకు అలవాటుపడిన పశ్చిమ ప్రకాశం వంటి మెట్టసీమలో దాగిన వీరుడు తిరిగి బయటపడే ఆ కథ, ఎండిన నేల తిరిగి చిగురిస్తుందనే ఆశకు మరో పేరు.

20వ శతాబ్దంలో పద్యనాటకం ఊరూరా పాకినప్పుడు వాదం కొత్త మలుపు తిరిగింది. వీధినాటకంలో తేలిక కర్రతో చేసి అద్దాలు, రంగుకాగితాలు అతికించిన కిరీటాలు, భుజకీర్తులు ఉండేవి. భుజాల మీద రెక్కల్లా నిలిచే ఆభరణాలే భుజకీర్తులు. వాటి స్థానంలో జరీ, ముఖమల్, తళుకుబిళ్లల ఉడుపులు వచ్చాయి. అంతకన్నా విశేషమైనది కాంట్రాక్టు నాటకాల పద్ధతి. పేరున్న నటులను వేరువేరు ఊళ్ల నుంచి పిలిపించి ఒక్క రాత్రికి ఒప్పందం చేసుకునే ఈ పద్ధతిలో, కురుక్షేత్ర కథలో ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు, ఇద్దరు దుర్యోధనులు అంకానికొకరుగా రంగం మీదికి వచ్చేవారు. పడకసీను కృష్ణుడు ఒకరు, రాయబారం కృష్ణుడు మరొకరు. ముఖం, గొంతు, ఉడుపు అన్నీ మారినా సభ వారిని ఒకే కృష్ణుడిగా స్వీకరించి, ఆపైన ఎవరి కృష్ణుడు మిన్న అని తెల్లవారే దాకా వాదించుకునేది. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు వంటి వారి కృష్ణులను జనం ఈ విధంగానే పక్కపక్కన పెట్టి చూశారు. పాత్ర ఒక్కటే, దాని అవతారాలు అనేకం అనే అవగాహన చదువురాని ప్రేక్షకుడికి కూడా ఎంత సహజంగా ఉండేదో దీనివల్ల తెలుస్తుంది.

చలనచిత్రం వచ్చాక జనతీర్పు మరింత కఠినమైంది. 1954 నాటి ఇద్దరు పెళ్లాలు చిత్రంలో కొద్దిసేపు కృష్ణుడిగా కనిపించిన నందమూరి తారక రామారావును ప్రేక్షకులు ఒప్పుకోలేదు. 1957లో మాయాబజార్ తీసిన కె.వి.రెడ్డి, కృష్ణుడి కిరీటం, ఆభరణాలు, ముఖాలంకరణల మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టి అదే నటుణ్ణి మళ్లీ నిలబెట్టాక, ఆ రూపమే తెలుగువారి ఇళ్లలో కృష్ణుడి పటమై కూర్చున్నది. ఒకే నటుడు, ఒకే పాత్ర. మధ్యలో మారినది ఆహార్యమే. అదే చిత్రంలో ఘటోత్కచుడు శశిరేఖగా మారే ఘట్టం రూపాంతరానికి పాఠం వంటిది. సావిత్రి దేహంలో ఎస్వీ రంగారావు ఠీవి, నడక, చూపు కనిపిస్తున్నంతసేపూ ఆమె శశిరేఖ కాదనీ, లోపల ఉన్నది హిడింబి కొడుకనీ ప్రేక్షకుడికి ఎవరూ చెప్పనవసరం లేదు. 1977 సంక్రాంతికి వచ్చిన దానవీరశూర కర్ణలో రామారావు కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు అనే మూడు పాత్రలనూ ధరించారు. అక్కడ ప్రశ్న తలకిందులైంది: ముఖం ఒకటే అయినప్పుడు ముగ్గురు వేరు అనే నమ్మకాన్ని ఉడుపూ, వాచికమూ కలిసి మోయవలసి వచ్చింది.

సరిగ్గా ఈ తలకిందులైన ప్రశ్ననే పోరాట వీడియో గేములు కూడా ఎదుర్కొన్నాయి. 1991లో జపాన్ సంస్థ క్యాప్‌కామ్ విడుదల చేసిన స్ట్రీట్ ఫైటర్ 2 ఆటలో ఎంచుకోవడానికి 8 మంది యోధులు ఉన్నారు గాని, ఇద్దరు ఆటగాళ్లు ఒకే యోధుణ్ణి తీసుకొనే వీలు లేదు. 1992లో వచ్చిన దాని సవరించిన ఆట ఆ వీలు కల్పించి, ఇద్దరినీ గుర్తుపట్టడానికి రెండవ వాడి ఉడుపు రంగు మార్చింది. అదే ఏడాది అమెరికాలో వచ్చిన మోర్టల్ కోంబాట్‌లో ఒకే నటుణ్ణి, ఒకే ఉడుపులో చిత్రీకరించి, పసుపు రంగు వేస్తే స్కార్పియన్, నీలం వేస్తే సబ్‌జీరో, ఆకుపచ్చ వేస్తే రెప్టైల్ అన్నారు. ఒక ఆటలో రంగు మారినా యోధుడు మారలేదు. మరొక ఆటలో రంగు మారగానే యోధుడే మారిపోయాడు. టెక్కెన్ అనే మరో పోరాట ఆట మొదటి భాగంలో కజుయా అనే యోధుడికి అదనపు వేషంగా ఇచ్చిన రెక్కల దయ్యం రూపం 1995 నాటి టెక్కెన్ 2లో వేరే పాత్రగా నిలబడింది. ఉడుపుగా మొదలైనది రూపమై, రూపం వ్యక్తి అయింది. భారతీయ యోగిగా స్ట్రీట్ ఫైటర్‌లో ఉన్న ధాల్సిమ్ 1991లో బోడితలతో, మెడలో పుర్రెల దండతో కనిపించి, 2016 నాటి ఐదవ ఆటకు తలపాగా, పొడుగాటి గడ్డం పెట్టుకొని వచ్చాడు. అతడి చేతులు సాగే విద్య మాత్రం మారలేదు గనుక ఆటగాళ్లు అతణ్ణి గుర్తుపట్టారు. రాముడి నీలివర్ణం చేసిన పనినే ఇక్కడ ఆ సాగే చేతులు చేశాయి.

కొత్త సాంకేతికత పాత పాత్రలను తాకినప్పుడు ఈ వాదం ఎంత లోతుకు పోతుందో ఆదిపురుష్ చలనచిత్రం చూపింది. 2022 అక్టోబరు 2న దాని తొలి దృశ్యాలు విడుదల కాగానే, గడ్డంతో ఉన్న రావణుడి ఆకారం మీద, తోలుపట్టీల వంటి హనుమంతుడి ఉడుపు మీద దేశమంతటా అభ్యంతరాలు వచ్చాయి. 2023 జనవరిలో రావలసిన చిత్రం జూన్ 16న విడుదలైంది. ఆ అభ్యంతరాలను కేవలం ఛాందసంగా కొట్టిపారేయడం న్యాయం కాదు. తెలుగు ప్రేక్షకుడు వేషం మారడాన్ని ఎన్నడూ వ్యతిరేకించలేదు; హనుమంతుణ్ణి పూర్తిగా తోలుతోనే చేసి తెరమీద ఆడించిన బొమ్మను అతడు భక్తితో చూశాడు. అతడు అడిగినది ఒక్కటే: ఈ మార్పు కథలో నుంచి పుట్టిందా, బయటి నుంచి అంటించారా? సన్యాసి రావణుడి కాషాయానికి కారణం అతడి మోసం, బృహన్నల గాజులకు కారణం శాపం, వలలుడి గరిటెకు కారణం అజ్ఞాతవాసం. కారణం కనబడినప్పుడు మార్పు పాత్రను పెంచుతుంది. కనబడనప్పుడు చూసేవాడు పాత్రను పోగొట్టుకుంటాడు.

ఈ చరిత్ర మొత్తం నుంచి రెండు సూత్రాలు తేలుతాయి. మార్పు ఎంత పెద్దదైనా పాత్రకు ప్రాణమైన ఒక గుర్తు మిగలాలి; మార్పు ఎంత చిన్నదైనా దానికి కథలో కారణం ఉండాలి. ఒక్కో వేషానికి ఒక్కో తోలు వెచ్చించవలసిన బొమ్మలాటగాడు ఈ సూత్రాలను పేదరికం వల్ల నేర్చుకున్నాడు. మీట నొక్కితే వంద రంగులు వచ్చే ఆటల రూపకర్తలకు ఆ అడ్డు లేదు గనుక వారికి ఈ వివేకం మరింత అవసరం. అందుకే యోధుడి కొత్త వేషం గురించి వాదించే యువకుల శ్రద్ధను వ్యర్థకాలక్షేపంగా చూడకూడదు. ఎవరి కృష్ణుడు మిన్న అని తెల్లవార్లూ తగవులాడిన తాతల రసజ్ఞతకు వారు వారసులు. ఆ సంగతి వారికి చెప్పవలసిన బాధ్యత పెద్దలది.

గిద్దలూరు నుంచి ఘాట్ రోడ్డు మీదుగా నల్లమల దాటి అహోబిలం చేరే యాత్రికులు ఒక గుడి నుంచి మరొక గుడికి, ఒక రూపం నుంచి మరొక రూపానికి రాళ్లదారుల వెంట నడుస్తారు. ఉగ్రమూర్తి ముందు చేతులు జోడించిన వారే శాంతమూర్తి ముందు కొబ్బరికాయ కొడతారు. తొమ్మిదింటిలో ఏది అసలు, ఏవి మార్పులు అని వారు అడగరు. ప్రతి రూపానికీ ఒక పేరు, ఒక చోటు, ఒక కారణం ఉన్నాయని వారికి తెలుసు.